మునక లేని పుష్కరం

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. 2008 డిసెంబరులో తుంగభద్ర పుష్కరాలు వచ్చినప్పుడు పన్నెండు రోజులూ ప్రత్యేక బస్సుల్లో డ్యూటీ చేశాడు. చివరి రోజు సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా కర్నూలు సంకల్‌భాగ్ ఘాటుకు వచ్చాడు. ఖాకీ చొక్కా విప్పి నా చేతికిచ్చి, నదిలో మూడు మునకలు వేసి, తడి బట్టలతోనే కూర్చుని మా తాతకు పిండం పెట్టాడు. ఇంటికి వెళ్లేటప్పుడు రాగి చెంబులో నీళ్లు పట్టుకున్నాడు. మరుసటి ఏడాది అక్టోబరు 2న అదే నది వరదై మా పాతబస్తీ ఇంట్లోకి వచ్చింది. బీరువా, మంచాలు, పెళ్లి ఫొటోలు అన్నీ పాడయ్యాయి. బురద ఎత్తిపోస్తుంటే వంటగది మూలలో ఆ చెంబు దొరికింది. నోటి దగ్గర చిన్న సొట్ట పడింది, అంతే. అమ్మ దాన్ని చింతపండుతో తోమి మళ్లీ దేవుడి గూట్లో పెట్టింది.

నాన్న 2018లో గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి అమ్మ ఎదురుచూసింది 2020 పుష్కరం కోసమే. బృహస్పతి మకర రాశిలోకి వచ్చినప్పుడు తుంగభద్రకు పుష్కరం, అది పన్నెండేళ్లకు ఒకసారి. ఆ ఏడాది నవంబరు 20న మొదలై డిసెంబరు 1తో ముగిసింది. అమ్మకు అప్పటికి డెబ్బై ఒకటి. తర్వాతి పుష్కరానికి ఎనభై మూడు. ఆ లెక్క ఆవిడ నాకు చాలాసార్లు వేసి చూపించింది.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ ఏడాది నా పని కరోనా పరీక్షకు గొంతులోంచి, ముక్కులోంచి నమూనాలు తీయడం. అందువల్ల ఈ పుష్కరం దగ్గర నేను రెండు వైపులా నిలబడవలసి వచ్చింది. అప్పుడు జరిగినదాన్ని రాసి పెట్టుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు ఏప్రిల్ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా నవంబరు సంగతి చెబితే సగమే చెప్పినట్టు. మార్చిలో ఢిల్లీలో ముస్లింల మత కేంద్రమైన నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన సమావేశాలకు వెళ్లివచ్చినవారిలో కేసులు బయటపడ్డాక, ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఊళ్లో మాటలు మారిపోయాయి. మా వీధికి ఏళ్ల తరబడి కూరగాయలు తెచ్చే ముస్లిం ముసలాయన బండిని కొందరు వీధి మొదట్లోనే ఆపి వెనక్కి పంపారు. ఆయన ఢిల్లీ ఏ దిక్కున ఉందో కూడా ఎరగడు. నేను మేడ మీద నుంచి చూశాను. కిందికి దిగి ఒక్క మాట అనవలసింది. అనలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

రంజాన్ ఉపవాసాలు ఏప్రిల్ 25న మొదలయ్యాయి. క్వారంటైన్ కేంద్రంలో నమూనాలు తీస్తుంటే ఒక పెద్దాయన నోరు తెరవలేదు. భయపడుతున్నాడనుకున్నాను. కాసేపటికి నెమ్మదిగా అడిగాడు: "బాబూ, ఈ పుల్ల గొంతులో పెడితే నా రోజా పోతుందా?" నాకు తెలియదు. తెలియని విషయానికి 'ఏమీ కాదులెండి' అని చెప్పడం నాకు నచ్చలేదు. ఆయన దగ్గరున్న నంబరుకే ఫోను చేసి వాళ్ల మసీదు ఇమాంగారితో మాట్లాడాను. పుల్ల మీద మందు ఏమైనా పూస్తారా, ఏదైనా కడుపులోకి దిగుతుందా అని ఆయన అడిగారు. పొడి పుల్లే, గొంతును తాకి బయటికి వచ్చేస్తుంది అన్నాను. అయితే ఉపవాసానికి భంగం లేదు, ఫోను ఆయనకివ్వండి అన్నారు. రెండు నిమిషాల్లో పెద్దాయన నోరు తెరిచాడు. ఆయన వెనక వరుసలో ఉన్న పద్నాలుగు మందీ మారు మాట లేకుండా తెరిచారు. అంతకుముందు రోజు అదే గదిలో మేము, పోలీసులు గంటసేపు బతిమాలి, బెదిరించి సాధించింది నాలుగు నమూనాలు.

ఆ ఫోను నాకు ఆ తర్వాత చాలాసార్లు గుర్తుకు వచ్చింది.

జూన్ 8 నుంచి గుళ్లు, మసీదులు, చర్చిలు తెరవవచ్చని కేంద్రం చెప్పింది. మార్గదర్శకాల కాగితం మా ఆసుపత్రికీ వచ్చింది. విగ్రహాలను తాకకూడదు, ప్రసాదం పంచకూడదు, తీర్థం చల్లకూడదు, ప్రార్థనకు ఎవరి చాప వారే తెచ్చుకోవాలి, అరవై అయిదు దాటినవారు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు ఇళ్లలోనే ఉండటం మంచిది. నాకు అందులో ప్రతి మాటా సబబుగానే తోచింది. ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో రాష్ట్రంలో రోజుకు పదివేలకు పైగా కేసులు వచ్చాయి. పరీక్షలు చేసే సంజీవని బస్సుల దగ్గర పొద్దున ఏడింటికే వరుసలు కట్టేవారు. పీపీఈ కిట్టు లోపల చెమట కారి బూట్లలోకి చేరేది. నాతో పనిచేసిన ఒకాయన ఆ నెలలోనే పోయాడు. ఆయన గురించి ఇక్కడ రాయలేను.

అక్టోబరుకు కేసులు తగ్గాయి. నవంబరు మూడో వారానికి రాష్ట్రమంతా కలిపి రోజుకు వెయ్యి, పదిహేను వందల మధ్యకు వచ్చాయి. ఇక పుష్కరం మామూలుగా జరుగుతుందని ఊరంతా అనుకుంది. ప్రభుత్వం మాత్రం నదీ స్నానాలు వద్దంది. పిండ ప్రదానాలు, పూజలు చేసుకోవచ్చు, దానికి ముందుగా ఈ-టికెట్ తీసుకోవాలి, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే.

ఆ వార్త విన్న రాత్రి మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. గొడవ పెట్టుకున్నది చిన్నాన్న. ఆయన మాటల్లో కొన్నిటికి నా దగ్గర జవాబు ఉంది, కొన్నిటికి లేదు.

"మే 4న మద్యం కొట్లు తెరిచారు. ఒకరి మీద ఒకరు పడి ఎలా నిలబడ్డారో నువ్వూ చూశావు. గుడి తలుపు తీయడానికి ఇంకో నెల పట్టింది. ఇప్పుడు హైదరాబాదులో కార్పొరేషన్ ఎన్నికలట, రోడ్ల మీద జనం ఇసక వేస్తే రాలడం లేదు. పోలింగ్ ఏ రోజో తెలుసా? డిసెంబరు 1. మన పుష్కరం ముగిసే రోజు. ఓటుకు అంటని రోగం మునకకు అంటుతుందా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ లేదు. ఒక గుంపును ఆపి ఇంకో గుంపును వదిలేసినప్పుడు ఆపిన మాట సరైనదే అయినా వినేవాడికి అన్యాయంగానే వినిపిస్తుంది. "అది తప్పే చిన్నాన్నా" అన్నాను.

"పూరీలో రథం లాగనిచ్చారు కదా?" అన్నాడు. దీనికి జవాబు చెప్పగలిగాను. జూన్ 18న రథయాత్ర వద్దన్న సుప్రీంకోర్టే 22న షరతులతో అనుమతించింది. మర్నాడు యాత్ర జరిగింది. ఒక్కో రథానికి అయిదు వందల మందికి మించకూడదు, లాగేవాళ్లందరికీ ముందే పరీక్ష చేయాలి, రథానికీ రథానికీ మధ్య గంట వ్యవధి, ఊరంతా కర్ఫ్యూ. భక్తులు టీవీలో చూశారు. "అలా మనమూ చేసుకుందాం, నాకు అభ్యంతరం లేదు" అన్నాను.

"నీళ్లలో రోగం ఉంటుందా? పారే నదిలో?"

"నీళ్లతో కాదు చిన్నాన్నా. మాస్కు పెట్టుకుని ఎవరూ మునగరు కదా. మునిగి లేవగానే ఎవరైనా చేసే మొదటి పని ముక్కు చీదడం, గట్టిగా ఊపిరి వదలడం. పక్కన రెండడుగుల్లో ఇంకో పదిమంది అదే పని చేస్తుంటారు. తర్వాత బట్టలు మార్చుకునే రేకుల గది. ఆ గదిలో నిమిషం నిలబడాలన్నా నాకు భయమే."

చిన్నాన్న లేచి వెళ్లిపోయాడు. అవతలి గట్టున అలంపురం వైపు మునగనిస్తున్నారట, నేను అక్కడికే పోతాను అన్నాడు. జోగులాంబ అమ్మవారి అలంపురం కర్నూలుకు దగ్గరే. నది ఒక్కటే. ఈ గట్టు ఆంధ్రది, ఆ గట్టు తెలంగాణది. ఈ ఒడ్డున ఒక మాట, ఆ ఒడ్డున ఒక మాట అయితే మామూలు మనిషి ఏ మాటను నమ్మాలి?

ఇంతసేపూ అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. అందరూ వెళ్లాక అడిగింది: "నేను రాకూడదా నాయనా?"

"అరవై అయిదు దాటినవాళ్లు రావద్దంటున్నారమ్మా."

"అరవై నాలుగని రాయి."

నేను రాయనన్నాను. ఆవిడకు చక్కెర జబ్బు. అదే వయసు, అదే జబ్బు ఉన్నవాళ్ల నమూనాలు ఆగస్టులో నా చేత్తో తీశాను. వారం తర్వాత వాళ్ల పేర్లు ఏ జాబితాలో కనిపించాయో నాకు తెలుసు. అమ్మకు ఆ జాబితా సంగతి చెప్పలేదు, కోపంగా 'కుదరదు' అని మాత్రం అన్నాను. ఆవిడ దేవుడి గూటి ముందు కూర్చుని చెంబు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

టికెట్ తీసుకోవడం కష్టమేమీ కాలేదు. ఫోనులో ఘాటు, రోజు, సమయం ఎంచుకుని వివరాలు నింపాలి. సంకల్‌భాగ్, నవంబరు 24, ఉదయం. కార్తీక సోమవారం జనం ఎక్కువగా ఉంటారని కావాలనే మర్నాడు ఎంచుకున్నాను. మా పక్కింట్లో, ఎదురింట్లో ఇద్దరు పెద్దవాళ్లకు ఫోను వాడటం రాదు. వాళ్ల కొడుకులు బెంగళూరులో ఉన్నారు. వాళ్లకూ నేనే తీసిపెట్టాను. అప్పుడే అనిపించింది, నదికి వెళ్లడానికి చదువు కావలసి వచ్చిందే అని.

మనసు కుదుటపడక, 23 సాయంత్రం మా ఇంటి పురోహితుడు శాస్త్రిగారికి ఫోను చేశాను. ఇమాంగారికి చేసిన ఫోనే గుర్తుకు వచ్చింది. మునక లేకుండా పిండం పెడితే చెల్లుతుందా అని అడిగాను. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు.

"స్నానాలు ఏడు రకాలు నాయనా. వారుణమంటే నీళ్లలో మునగడం, అది ఒకటి. మాంత్రమని ఇంకొకటి ఉంది. 'ఆపోహిష్ఠా' మంత్రంతో నీళ్లు తల మీద చల్లుకుంటే అదీ స్నానమే. చివరిది మానసం. రోగులకు, ముసలివాళ్లకు, నీళ్లు దొరకనివాళ్లకు ఇవన్నీ శాస్త్రంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇవి ఈ రోగం కోసం కొత్తగా పుట్టినవి కావు. మీ అమ్మను ఇంట్లోనే ఉంచు. నీళ్లు తెచ్చి ఇవ్వు. ఆవిడకు నేను ఫోనులో సంకల్పం చెబుతాను."

నేను చాలాసేపు ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆంక్షలు రాసినవాళ్లు ఈ మనిషిని ఒక్క పూట పక్కన కూర్చోబెట్టుకుంటే ఎంత బాగుండేది! 'స్నానాలు నిషేధం' అన్న పోస్టరు బదులు 'మంత్ర స్నానం చేద్దాం' అన్న పోస్టరు ఘాటు ముందు వేలాడేది. పాటించవలసింది అదే, పలికిన నోరు వేరు. పూజ ఆపమని డాక్టరు చెబితే జనం ఎదురు తిరుగుతారు. ఎలా చేసుకోవాలో పురోహితుడు, ఇమాం, పాస్టరు చెబితే వింటారు. ఆ వరుసలో పద్నాలుగు మంది నోళ్లు తెరవడం నేను కళ్లారా చూశాను.

24 తెల్లవారి ఆరున్నరకు ఘాటు దగ్గరికి వెళ్లాను. చలిగా ఉంది. నది మీద పలచగా మంచు. గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు పెట్టారు, చేతిలో శానిటైజర్ పోశారు, ఫోనులో టికెట్ చూశారు. 2008లో నాన్న చొక్కా పట్టుకుని నిలబడటానికి నాకు ఒక మెట్టు మీద చోటు దొరకడమే కష్టమైంది. ఇప్పుడు అన్ని మెట్లూ ఖాళీ. దూరదూరంగా గీసిన సున్నపు వలయాల్లో పది, పన్నెండు కుటుంబాలు. నిజం చెప్పాలంటే నాకు కళ్లు చెమర్చాయి. పుష్కరంలో నదిని అంత ఒంటరిగా చూస్తాననుకోలేదు. అదే సమయంలో, 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయినప్పుడు నాన్న టీవీ ముందు అన్న మాట గుర్తుకు వచ్చింది: "నది ఎక్కడికీ పోదు రా, పన్నెండు రోజులుంటుంది. అందరూ ఒకే గంటలో ఎందుకు దిగాలి?"

శాస్త్రిగారు మాస్కు పెట్టుకునే వచ్చారు. మంత్రం మాస్కులోంచి కొంచెం మూగగా వినిపించింది, అందుకని ఒక్కో మాటా రెండుసార్లు చెప్పారు. వేలికి దర్భ పవిత్రం తొడిగారు. ఆ చేయి పట్టుకోకుండా దూరం నుంచే ఎలా తొడుక్కోవాలో చూపించి నన్నే తొడుక్కోమన్నారు. గోత్రం, నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు. బియ్యప్పిండిలో నువ్వులు కలిపి మూడు పిండాలు చేశాను. ఏడు నెలలుగా గ్లవ్సు తొడిగి తొడిగి నా వేళ్ల మధ్య చర్మం తెల్లగా పొరలు లేచింది. ఆ పగుళ్లలో నల్లనువ్వులు ఇరుక్కున్నాయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచి నీళ్లు వదులుతుంటే పగుళ్లు మండాయి. ఎన్నో వందల మంది గొంతుల్లో పుల్ల పెట్టిన చేయి ఇదే కదా అనిపించింది. నాన్నకు నీళ్లు వదిలే హక్కు ఈ చేతికి ఉందన్న ధైర్యమూ కలిగింది.

చివరి మెట్టు దాకా వెళ్లి పిండాలు నీళ్లలో వదిలాను. నీళ్లు పాదాలను తాకాయి. అక్కడ నిలబడ్డ కానిస్టేబుల్ "ఇంకా దిగవద్దు సార్" అన్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. నేను దోసిట్లో నీళ్లు తీసుకుని శాస్త్రిగారి మంత్రంతో తల మీద చల్లుకున్నాను. కాస్త ఎగువన ఒకాయన ఆగలేక గబగబా దిగి ఒక మునక మునిగేశాడు. కానిస్టేబుల్ ఈల వేశాడు, పరుగెత్తాడు, ఆయన పైకి వచ్చాక కొట్టలేదు, తిట్టలేదు. తువ్వాలు అందించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి అడిగాడు, "సార్, ఆ చెంబులో కొంచెం ఎక్కువ పట్టుకుంటారా, మా అమ్మకు కూడా కావాలి, డ్యూటీ మీద నేను పట్టుకోలేను" అని. అతని సీసాలో పోసి ఇచ్చాను.

ఇంట్లో అమ్మ అప్పటికే పెరట్లో తులసి కోట ముందు పీట వేసుకుని కూర్చుంది. బకెట్టులో కాచిన నీళ్లు. వాటిలో చెంబు నీళ్లు సగం కలిపాను. ఫోను పీట పక్కన పెట్టి స్పీకరు నొక్కాను. శాస్త్రిగారు 'గంగే చ యమునే చైవ' అంటుంటే అమ్మ కళ్లు మూసుకుని వెనకాలే అంది. నీళ్లు పోసుకుంది. తడి చీరతో తులసి కోట చుట్టూ తిరిగింది. నాతో మాత్రం ఆ రోజు మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. సాయంత్రం అన్నం వడ్డిస్తూ "శాస్త్రిగారు బాగా చెప్పారు" అంది. అంతే.

చిన్నాన్న అలంపురం వెళ్లి మునిగి వచ్చాడు. తొమ్మిదో రోజు జ్వరం వచ్చింది. ఆయన నమూనా నేనే తీశాను. ఫలితం వచ్చేదాకా రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. నెగెటివ్ వచ్చింది. "చూశావా?" అన్నాడు. నెగెటివ్ వచ్చినందుకు ఆయనకన్నా నేనే ఎక్కువ సంతోషించాను. నా మాట తప్పని మాత్రం ఒప్పుకోలేదు. అయిదు నెలలు తిరక్కుండానే రెండో అల వచ్చింది. ఆ ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళా దృశ్యాలు టీవీలో చూస్తూ చిన్నాన్న ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. మా ఆసుపత్రిలో అప్పటికి మంచాలు నిండిపోయాయి.

కూరగాయల బండి ముసలాయన పుష్కరం ఏడాది డిసెంబరు నుంచి మళ్లీ మా వీధికి వస్తున్నాడు. అమ్మ ఆయన దగ్గరే కొంటుంది. నేను ఏప్రిల్‌లో మేడ మీద నిలబడి ఊరుకున్న సంగతి ఒక రోజు ఆయనకు చెప్పి క్షమించమన్నాను. ఆయన వంకాయలు తూస్తూ తల ఊపాడు.

2023లో గంగా పుష్కరాలు ఏప్రిల్ 22న మొదలయ్యాయి. అమ్మకు డెబ్బై నాలుగు. కాశీకి రైలు టికెట్లు నేనే తీశాను, ఆవిడ వయసు ఉన్నది ఉన్నట్టే రాశాను. ఘాటులో ఎటు చూసినా తెలుగు మాటలే. మాస్కు లేదు, వలయాలు లేవు. అమ్మ నా చేయి పట్టుకుని నడుము లోతు నీళ్లలోకి దిగి, ముక్కు మూసుకుని మూడు మునకలు వేసింది. ఒడ్డుకు తీసుకువద్దామని చేయి లాగాను. ఆగమంది. మళ్లీ మునిగింది.

"నాలుగోది ఎందుకమ్మా?" అన్నాను.

ముఖం మీది నీళ్లు తుడుచుకుని, "అది తుంగభద్రది" అంది.